ఆరో పాటలో పదకొండు సెకన్లు

బుధవారం ఉదయానికి కూడా అమ్మ పలక ముట్టుకోలేదు.

ఆదివారం ఎలా బోర్లించి పెట్టిందో అలాగే ఉంది, పొయ్యి పక్కన గూట్లో. అమ్మ కుర్చీలో కూర్చుని కిటికీ అవతల ఎవరో ఆరేసిన దుప్పట్లు చూస్తోంది. గొంతు దగ్గర కట్టుకున్న గుడ్డ ఊపిరికి కదులుతోంది. ఆపరేషన్‌లో స్వరపేటిక తీసేశాక ఈ రెండేళ్ళూ అమ్మకి నోరంటే ఆ పలకే. దాన్ని బోర్లించిందంటే ఇంట్లో ఎవరితోనూ మాట్లాడనని.

"పాలలో బ్రెడ్డు వేశానమ్మా. చల్లారిపోతోంది," అన్నాను.

తల తిప్పలేదు.

"ఎవరి మీద కోపమో చెప్పు. వాళ్ళ సంగతి నేను చూస్తాను."

నా వైపు ఒకసారి చూసి మళ్ళీ దుప్పట్ల వైపు తిరిగింది.

చెప్పకపోయినా నాకు తెలుసు. మరదలి మీద కోపం. ఆదివారం భోజనాల దగ్గర, "ఆరో పాటలో అమ్మ గొంతుని ఆపేసింది నువ్వే కదూ," అని మరదల్ని మొహం మీదే అడిగేశాను. నా నోరు ఎలాంటిదో ఇంట్లో అందరికీ తెలుసు. ఇన్ని వారాలుగా ఈ పేజీలో నా కబుర్లు చదువుతున్నారు కనుక మీకూ తెలుసు. తను "నేను కాదు వదినా," అని ఒక్క మాట అని, కంచం తీసుకుని లేచి వెళ్ళిపోయింది. ఆ వెంటనే అమ్మ కూడా లేచి పలక బోర్లించింది. ఇంతకంటే రుజువేం కావాలి?

అడగడానికి నాకు కారణం లేకపోలేదు. తమ్ముడు తన డాన్స్ పాటల ఆల్బమ్ చేస్తున్న ఆర్నెల్లూ వెనక గదిలోంచి, ఎప్పుడో రికార్డు చేసిన అమ్మ గొంతు వినపడుతూనే ఉండేది. అదే ముక్క, రోజుకి రెండు మూడొందల సార్లు. మరదలు ఈత కొలనులో పిల్లలకి ఈత నేర్పుతుంది. రోజంతా అక్కడ కేకలు విని ఇంటికొస్తే, ఇక్కడ గోడలోంచి ఇది. "కాస్త హెడ్‌ఫోన్లు పెట్టుకోవచ్చుగా," అని తను తమ్ముడితో అనడం నేను రెండుసార్లు విన్నాను. మూడోసారి అనకుండా ఆ గొంతుని ఆపే మీట నొక్కేసి ఉంటుందని నా లెక్క.

తమ్ముడు ఫోన్ చూసుకుంటూ వంటింట్లోకి వచ్చాడు. పోస్టర్ల మీద వాడి పేరు గూబ. చిన్నప్పుడు గిన్నెలూ మూతలూ వాయిస్తుంటే గూబ పగిలిపోతోందిరా అని అందరం తిట్టేవాళ్ళం. ఆ తిట్టే తీసుకెళ్ళి పేరు పెట్టుకున్నాడు.

"ఇంకోటి వచ్చింది," అన్నాడు.

"చదువు."

ఆసుపత్రిలో టోకెన్ నంబర్లు పిలిచే మనిషిలా, ఎత్తూ పల్లం లేకుండా చదివాడు. "'గూబ తొలి ఆల్బమ్ విన్నాక తక్కిన డాన్స్ సంగీతమంతా వాగుడులా అనిపిస్తోంది. ఆరో పాటలోని పదకొండు సెకన్ల శూన్యం దగ్గర నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.' అయిదుకి అయిదు."

"ఎవరు రాసింది?"

"మొదట్లో గ్రైండర్‌లో మేకులు వేసినట్టుందని రాశాడే, ఆయనే. రెండోసారి విన్నాడట."

నవ్వు రావాల్సిన మాటే. ఇద్దరిలో ఎవరికీ రాలేదు. ఈ ఇంట్లో నవ్వూ ఏడుపూ మూడు వారాలుగా రావడం మానేశాయి. పొద్దున లేస్తున్నాం, తింటున్నాం, పనికి పోతున్నాం, వస్తున్నాం.

మొదటి వారం వచ్చిన రివ్యూలు నాలుగే. గ్రైండరాయనది ఒకటి. ఒకావిడ "జిమ్ములో పరిగెత్తడానికి పనికొస్తుంది" అంది. ఒక పత్రిక రెండు నక్షత్రాలిచ్చి, పక్కన వేరెవరిదో ఫోటో వేసింది. నాలుగోది బాగానే ఉంది కానీ, అది రాసింది వాడి స్నేహితుడు. అప్పుడు పెద్దాయన రాశాడు. విమర్శకుల్లో పెద్దాయన. ఇరవై ఏళ్ళుగా ఈ రకం సంగీతానికి ఆయన ఊ అంటే ఊ, ఊహూ అంటే ఊహూ.

"అన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి," అని రాశాడాయన. "డ్రమ్ము లేదు, తీగ లేదు, మనిషి లేడు. ఆడుతున్నవాళ్ళ కాళ్ళ కింద నేల లాగేసి, పదకొండు సెకన్లు చేతులు కట్టుకుని నిలబడే ధైర్యం మొదటి ఆల్బమ్‌లో నేనెవరిలోనూ చూడలేదు." ఆ రోజు నుంచి ఊరూ వాడా ఆ పదకొండు సెకన్లనే పట్టుకుని వేలాడుతోంది. క్లబ్బుల్లో జనం ఆ చోటు రాగానే చేతులెత్తి బిగుసుకుపోయి నిలబడుతున్నారట.

మనిషి లేడన్నది నిజమే. ఉండాల్సిన మనిషి మా అమ్మ.

అమ్మ బస్టాండులో ఇరవై ఆరేళ్ళు అనౌన్సర్‌గా చేసింది. ఆపరేషన్‌కి ముందు రోజు తమ్ముడు ముందు గదిలో మైకు పెట్టి నలభై నిమిషాలు మాట్లాడించాడు. అమ్మ గొంతని ఇవాళ మాకు మిగిలింది ఆ నలభై నిమిషాలే. అందులో ఒక ముక్క ఆరో పాట మధ్యలో పెట్టాడు. డ్రమ్ములన్నీ ఆగిపోయి ఆ గొంతొక్కటే వినపడాలి. అది మ్యూట్‌లో ఉండిపోయింది, ఆల్బమ్ అలాగే వెళ్ళిపోయింది. విడుదలైన రోజు నలుగురం కూర్చుని విన్నాం. ఆ చోటు రాగానే ముగ్గురం అమ్మ వైపు తిరిగాం. ఏమీ రాలేదు. తమ్ముడి మొహంలో నెత్తురు చుక్క లేదు. నేను వెళ్ళి అమ్మ భుజం మీద చెయ్యి వేశాను. ఆ చెయ్యి అమ్మ తీసేసింది.

వాడి చేతిలో ఫోన్ మోగింది. ఆల్బమ్ వేసిన కంపెనీ ఆయన. తమ్ముడు ఎవరి ఫోనైనా స్పీకర్‌లోనే పెడతాడు, చెవికి ఆనించుకుంటే చెవి పాడవుతుందని భయం.

"గురూ, చూశావుగా, గ్రైండరు కూడా దారికొచ్చింది," అన్నాడు కంపెనీ ఆయన. "ఇవాళ నాలుగింటికి ఫైలు ఫ్యాక్టరీకి వెళ్తుంది. నల్ల గ్రామఫోన్ రికార్డులు, మూడు వేలు. ఒకసారి అచ్చు పడ్డాక దేవుడు దిగొచ్చినా మారదు. ఆన్‌లైన్‌లో కూడా అదే ఖాయం."

"మా అమ్మ గొంతు..." అన్నాడు తమ్ముడు.

"మళ్ళీ అదేనా. ఇప్పుడు జనానికి నచ్చింది అక్కడ ఏమీ లేకపోవడం గురూ. నువ్వు తీసుకెళ్ళి ఏదో ఒకటి పెడితే, పొరపాటున జరిగిందని తెలిసిపోతుంది. ఆ పెద్దాయన మొహం ఎక్కడ పెట్టుకుంటాడు? రెండో ఆల్బమ్ మాట ఇంక ఎత్తకు. అయినా కాగితాల ప్రకారం ఆఖరి మాట నీదే. మారుస్తానంటే నాలుగింటిలోపు పంపు. నేనైతే పంపనంటాను."

ఫోన్ పెట్టేశాడు. తమ్ముడు ఫోన్ వైపే చూస్తూ నిలబడ్డాడు.

"పంపుతున్నావుగా," అన్నాను.

"ఆలోచించాలక్కా."

"ఏమిటి ఆలోచించేది? అమ్మ గొంతు తీసి అవతల పారేసి, ఆ గోతికి చప్పట్లు కొట్టించుకుంటున్నావు. సిగ్గుగా లేదూ?"

"ఉండాలి. ఏమీ అనిపించట్లేదు. ఆయన రాసింది చదివినా అంతే, నువ్వు తిట్టినా అంతే."

"తిట్టడం ఇంకా మొదలుపెట్టలేదు నేను."

మరదలు సంచీ భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది. జుట్టు తడి. "అత్తయ్యని మధ్యాహ్నం ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. గొంతు దగ్గరి గొట్టం శుభ్రం చేయించాలి. నేను రెండింటికి వచ్చి తీసుకెళ్తాను," అంది, ఎవరి వైపూ చూడకుండా.

"నేను తీసుకెళ్తాలే," అన్నాను.

"వారం వారం తీసుకెళ్ళేది నేనేగా వదినా."

అదీ నిజమే.

"అమ్మా," అన్నాడు తమ్ముడు, కుర్చీ ముందు గొంతుక్కూర్చుని. "పెట్టమంటావా నీ గొంతు? నువ్వు ఊ అంటే ఇప్పుడే పంపిస్తాను."

అమ్మ తల అడ్డంగా ఊపింది. ఒకసారి కాదు, మూడు నాలుగుసార్లు. వాడి జుట్టు మీద చెయ్యి వేసి మళ్ళీ ఊపింది.

"చూశావా," అన్నాను. "కొడుకు పైకొస్తున్నాడని తన గొంతు కూడా వదిలేసుకుంటోంది. ఆమె వద్దంటే నువ్వు ఊరుకుంటావా?"

అమ్మ నా వైపు చూసింది. ఆ చూపులో ఏదో ఉంది కానీ, నేనొకటి అనుకున్నాక ఇంకోటి కనపడే మనిషిని కాను. చెప్పులేసుకుని దుకాణానికి బయల్దేరాను.

*

నేను కళ్ళద్దాల దుకాణంలో ఫ్రేములు సరిచేస్తాను. ముక్కు మీద జారేవి, చెవి వెనక కోసేవి, ఒక పక్క పైకి లేచేవి. వేడిగాలి కింద, చెవి మీదికెళ్ళే పుల్లని మెత్తబరిచి, బొటనవేలితో వంచి, మనిషి మొహానికి పెట్టి చూస్తాను. పధ్నాలుగేళ్ళుగా ఇదే పని. ఎదుటి మనిషి మొహంలోకి తేరిపార చూస్తూ, ఆ మనిషి గురించి ఏమీ అనుకోకుండా ఉండటం ఇందులో అలవాటవుతుంది. ఇంటికి పనికిరాని అలవాటు.

పన్నెండింటికి పళ్ళ డాక్టరు వచ్చాడు. ముప్పయ్యేళ్ళుంటాయి. కళ్ళద్దాల పుల్ల వంగిపోయింది.

"ఎలా వంచారు దీన్ని?"

"శనివారం డాన్సులో అండీ. పక్కవాడి మోచెయ్యి తగిలింది."

"రోగుల పళ్ళు పీకి, రాత్రి గెంతులా?"

ఆయన నవ్వాడు. "గూబ అని కొత్తగా ఒకతను వచ్చాడు. విన్నారా?"

"లేదు," అన్నాను. పుల్ల వేడిగాలి కింద పెట్టాను.

"వినండి. ఆరో పాట వినండి ముఖ్యంగా. అన్నీ ఆగిపోతాయి. నాలుగొందలమంది గప్‌చుప్. మా నాన్న పోయి ఏడాదైంది. నాకు ఏడుపు రాలేదండీ, అప్పుడూ రాలేదు, తర్వాతా రాలేదు. ఆ చోట చేతులెత్తి నిలబడ్డానా..."

"ఏడ్చారా?"

"లేదు. అప్పుడూ ఏమీ రాలేదు. కాకపోతే ఏమీ రాకపోతే తప్పులేదనిపించింది. ఊరికే నిలబడొచ్చు అనిపించింది."

నేను అద్దాలు ఆయన మొహానికి పెట్టాను. ఎడమ పక్క ఇంకా కొంచెం ఎత్తుగా ఉంది. తీశాను.

"అక్కడ ఒకావిడ గొంతు ఉండాల్సిందట," అన్నాను. "ఎవరో అంటుంటే విన్నాను. ఒక పెద్దావిడ మాట్లాడుతుందట. పొరపాటున పోయిందట."

"పోనివ్వండి. ఉంటే అది ఆవిడది అయిపోతుంది. ఇప్పుడైతే ఎవరిది వాళ్ళది."

మంచి మనిషి. చేతుల్లో కళ్ళద్దాలు లేకపోతే ఏదో ఒకటి అనేసేదాన్ని. మా అమ్మ లేచి వెళ్ళిన చోట వీళ్ళంతా కుర్చీలు వేసుకుని కూర్చున్నారు, మళ్ళీ ఎంత హాయిగా ఉందో అని చెప్తున్నారు. ఎడమ పుల్ల సరిచేసి ఇచ్చాను. "జారట్లేదు, థాంక్సండీ," అని వెళ్ళిపోయాడు.

మా యజమానికి తలనొప్పిగా ఉందని చెప్పి రెండున్నరకి బయటపడ్డాను. తలనొప్పి లేదు. అసలు ఏ నొప్పీ లేదు. అదే నన్ను భయపెట్టింది.

*

ఇంట్లో తమ్ముడొక్కడే ఉన్నాడు. అమ్మా మరదలూ ఆసుపత్రికి వెళ్ళారు.

వెనక గది గోడలకి నల్ల స్పాంజి. కిటికీకి దుప్పటి. కంప్యూటర్ తెర మీద రంగు రంగుల పట్టీలు, ఒక్కో శబ్దానికి ఒక్కో పట్టీ. ప్రతి పట్టీ పక్కనా చిన్న మీట ఉంటుంది. నొక్కితే నారింజ రంగుకి మారుతుంది, ఆ పట్టీ నోరు పడిపోతుంది. అమ్మ పట్టీ పక్కన మీట నారింజ రంగులోనే ఉంది. మూడు వారాలుగా వాడు దాన్ని ముట్టుకోలేదు.

"అసలు పంపే ముందు విన్నావా లేదా?" అన్నాను. ఈ మాట ఇన్నాళ్ళూ అడగలేదు, మరదల్ని తిట్టడంలో పడి.

"విన్నాను. మొదట్నుంచి చివరిదాకా విన్నాను. అమ్మ వినిపించింది."

"మ్యూట్‌లో ఉంటే ఎలా వినిపిస్తుంది?"

"కొన్ని వేలసార్లు విన్న గొంతు అక్కా. లేకపోయినా చెవి దానంతట అదే పెట్టేసుకుంటుంది. మా పనిలో అందరికీ జరుగుతుంది. ఒక చప్పట్ల ముక్కో, తాళం ముక్కో ఎగిరిపోతుంది, పంపేశాక తెలుస్తుంది, నవ్వుకుంటాం. కానీ అమ్మని వదిలేసినవాడు ఎవడూ ఉండడు."

"నువ్వు వదల్లేదు. ఎవరో నొక్కారు."

"ఎవరు నొక్కితే ఏం. నేను వినలేదు. వినడమే నా పని."

కుర్చీలో వెనక్కి వాలి, చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకున్నాడు. వాడికి చిన్నప్పుడు జ్వరమొస్తే అలాగే కూర్చునేవాడు. నాకు జాలేసింది. మూడు వారాల్లో మొదటిసారి ఏదో ఒకటి అనిపించినందుకు సంతోషం కూడా వేసింది.

"ఒకసారి పెట్టరా. విందాం."

మీట నొక్కాడు. నారింజ రంగు పోయింది. డ్రమ్ములు దడదడలాడి ఆగిపోయాయి, గదిలోకి అమ్మ వచ్చింది.

"ప్రయాణికులకు మనవి. చివరి బస్సు ఇంకా బయల్దేరలేదు. పరిగెత్తకండి. నింపాదిగా రండి."

ఆ ఆఖరి రెండు మాటలూ బస్టాండువాళ్ళు రాసిచ్చిన కాగితంలో లేవు. మెట్ల మీద ముసలివాళ్ళు పరిగెత్తి పడిపోతున్నారని అమ్మే కలిపింది. దానికి పైఆఫీసర్ మెమో ఇచ్చాడు. అమ్మ సంతకం పెట్టి తీసుకుని, ఆ సాయంత్రమే మళ్ళీ అన్నది. రిటైరయ్యేదాకా అంటూనే ఉంది.

"పంపెయ్," అన్నాను.

"పంపితే రెండో ఆల్బమ్ ఉండదక్కా. ఆ పెద్దాయన మళ్ళీ నా పేరు ఎత్తడు. మూడో తరగతి పెళ్ళి ఊరేగింపుల్లో వాయించుకోవాలి."

"వాయించుకో. ఏమవుతుంది? అమ్మకి ఇంకో గొంతు లేదు. నీకు ఇంకో ఆల్బమ్ ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు."

"అమ్మ వద్దంది కదా."

"అమ్మలు అలాగే అంటారు. చిన్నప్పుడు ఆకలి లేదని మనకి పెట్టలేదూ? నమ్మావా అప్పుడు?"

ఆ మాటకి వాడు లొంగిపోయాడు. నా మాటకి లొంగడం వాడికి చిన్నప్పట్నుంచీ ఉంది. అమ్మ గొంతుతో ఫైలు మళ్ళీ తయారుచేశాడు. ఈసారి కళ్ళు మూసుకుని, హెడ్‌ఫోన్లలో ఒక చెవిది నాకిచ్చి, చివరిదాకా ఇద్దరం విన్నాం. అమ్మ నిజంగానే ఉంది. మూడూ నలభైకి పంపాడు. మూడూ నలభై రెండుకి "అందింది. నీ ఖర్మ," అని కంపెనీ ఆయన జవాబు.

వాడు లేచి కిటికీ దుప్పటి తీసేశాడు. గదిలోకి ఎండ వచ్చింది. స్పాంజి మీద దుమ్ము కనపడింది. నాకు ఆకలేసింది. రెండు కప్పుల టీ పెట్టి, బ్రెడ్డు కాల్చి, ఇద్దరం వంటింట్లో నిలబడే తిన్నాం. చాలా రోజుల తర్వాత నోటికి రుచి తెలిసింది.

*

నాలుగూ పదికి తలుపు తీసుకుని మరదలు వచ్చింది, వెనకే అమ్మ. గొంతు దగ్గర కొత్త గుడ్డ. అమ్మ అలసిపోయి ఉంది. కుర్చీ లాగాను.

"అమ్మా, ఒక మాట చెప్పాలి," అన్నాను. ఆగలేకపోయాను. "పంపేశాం. నీ గొంతు పెట్టి పంపేశాం. రికార్డుల మీద కూడా అదే ఉంటుంది. ఇంక ఎవరూ తీయలేరు."

అమ్మ కూర్చోబోతున్నదల్లా ఆగిపోయింది.

మరదలి చేతిలో మందుల సంచీ ఉంది. దాన్ని బల్ల మీద పెట్టింది. "ఎప్పుడు?" అంది.

"అరగంటైంది. ఏం, నీకేమైనా ఇబ్బందా?"

"ఎవరు పంపమన్నారు?"

"నేనే."

తను కళ్ళు మూసుకుంది. "అయ్యో వదినా," అంది, నీళ్ళలో మునిగిన పిల్ల గురించి చెప్పినట్టు.

అమ్మ గూటి దగ్గరికి నడిచింది. మూడు రోజుల తర్వాత పలక తిప్పింది. బలపం తీసుకుని, నిలబడే రాసింది. రాసి, మా వైపు తిప్పింది.

"ఆపింది నేను."

తమ్ముడు చదివాడు. నేనూ చదివాను. నాకు బుర్రకెక్కలేదు. "ఏది ఆపింది?" అన్నాను, పిచ్చిదానిలా.

"పాట పంపిన రోజు పొద్దున," అంది మరదలు. "ఆయన స్నానానికి వెళ్ళారు. అత్తయ్య ఆ గదిలోంచి రావడం చూశాను. చెప్పొద్దని చెయ్యి పట్టుకున్నారు. ఆ మీట ఎక్కడుందో ఆవిడకి తెలియకపోవడమేమిటి, ఇరవై ఆరేళ్ళు మైకు మీటలు వేసిన మనిషి. మధ్యాహ్నాలు ఆయన వెనక స్టూలు మీద కూర్చుని అన్నీ చూసేవారు."

"మరి ఆదివారం నేను నిన్ను అన్నన్ని మాటలంటుంటే..."

"ఆవిడ చెప్పొద్దన్నారు కదా వదినా."

క్షమించమనాలని తెలుసు. మాట గొంతు దాటి రాలేదు. నాకు గొంతుండి.

"ఎందుకమ్మా?" అన్నాడు తమ్ముడు. "నాకు చెప్తే నేనే తీసేసేవాణ్ణిగా."

అమ్మ కొంగుతో పలక తుడిచింది. ఈసారి నెమ్మదిగా రాసింది. రాస్తుంటే గొంతు దగ్గర ఊపిరి ఈల వేస్తోంది.

"నువ్వు ఆర్నెల్లు సంతోషంగా ఉన్నావు."

తుడిచింది.

"రోజంతా గోడవతల నేను మాట్లాడుతున్నా. ఇవతల కూర్చుని వింటున్నా. మంచినీళ్ళు కావాలంటే పలక వెతుక్కోవాలి."

చోటు చాలలేదు. తుడిచింది.

"నాకు లేని గొంతు ఆ పాటకెందుకు?"

మూడు వారాలుగా మేం అమ్మకి ఏదో తిరిగి ఇవ్వాలనుకుంటున్నాం. పొద్దున తల అడ్డంగా ఊపింది, నాలుగుసార్లు ఊపింది. వాడైనా ఆగాడు. నేనే పట్టుబట్టి పంపించాను. అమ్మ కూర్చోవాల్సిన కుర్చీలో నేను కూర్చున్నాను.

అమ్మ ఇంకో మాట రాసింది. "తీయించు."

"ఫోన్ చెయ్యరా," అన్నాను. "ఇంకా పంపి ఉండరు. నాలుగు దాటి ఇరవై నిమిషాలేగా అయింది. చెయ్యి."

వాడు ఫోన్ తీసేలోపే అది మోగింది. కంపెనీ ఆయన. అలవాటుగా స్పీకర్‌లో పెట్టాడు.

"గురూ, పొద్దున నేనన్న మాటలన్నీ మర్చిపో," అన్నాడాయన. గొంతు మారిపోయింది. "ఇప్పుడే విన్నాం, ఆఫీసులో అందరం. చెప్పలేను గురూ. నాలుగింటికి అచ్చుకి పంపించేశాను, ఆన్‌లైన్‌లో కూడా పెట్టేశాం."

"ఆపండి," అన్నాడు తమ్ముడు. "ఆపాలండీ అది."

"ఏమిటి ఆపేది, మోత మోగిపోతుంటే. ముందు ఇది విను. నాకు భయమేసి ఆ పెద్దాయనకి నేనే ఫోన్ చేసి వినిపించాను. తిడతాడనుకున్నాను. మళ్ళీ పెట్టమన్నాడు. మళ్ళీ పెట్టాను. తను రాసినదంతా తప్పని ఇవాళే రాస్తాడట. ఎవరావిడ అని అడిగాడు. మీ అమ్మగారని చెప్పాను."

"ఏమండీ, ఒక్క నిమిషం..."

"ఆవిడతో మాట్లాడాలంటున్నాడు గురూ. ఎక్కువసేపు కాదు. ఆ గొంతు ఒకసారి నేరుగా వినాలట. లైన్లోనే ఉన్నాడు. కలుపుతున్నాను."

"వద్దు," అన్నాడు తమ్ముడు. అవతల టక్కుమని చప్పుడైంది.

"నమస్కారమమ్మా," అంది ఒక ముసలి గొంతు. చాలా మర్యాదగా, జాగ్రత్తగా మాట్లాడుతున్నాడాయన. "మిమ్మల్ని ఇబ్బంది పెడుతున్నందుకు క్షమించాలి. నేను విన్నాను. నేను రాసింది చదివే ఉంటారు. ఆ చోట మనిషి లేడని రాశాను. మీకు చెప్పుకోవాలి. అమ్మా, ఉన్నారా?"

తమ్ముడు ఫోన్ పట్టుకుని నా వైపు చూశాడు. ఏం చెయ్యమంటావని అడుగుతున్నాడు. ప్రతిదానికీ ఏదో ఒకటి చెప్పే అక్కని నేను. ఈసారి చెప్పలేదు.

"అమ్మా?" అన్నాడాయన మళ్ళీ. "నేను ఆగుతాను. మీకు వీలైనప్పుడే."

అమ్మ పలక బల్ల మీద పెట్టి, తమ్ముడి చేతిలోంచి ఫోన్ తీసుకుంది.